కంపు కలిసొచ్చిన చలికాలం

నాగోల్‌లో మూసీ ఒడ్డున ఉన్న రేకుల గదిని కిరాయికి అడగడానికి వెళ్ళిన రోజు లలితమ్మ ముక్కుకు కొంగు గట్టిగా అడ్డం పెట్టుకుంది. దగ్గింది. ఒకసారి కళ్ళు కూడా తుడుచుకుంది. నిజానికి ఆమెకు కావలసింది ఆ కంపే. కానీ కావలసిన సరుకును కావాలన్నట్టు చూస్తే ధర పెరుగుతుందని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏళ్ళ తరబడి చీరల దుకాణం గద్దె మీద కూర్చున్న మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు.

స్థలం యజమాని గంగాధరరావు. కోస్తా వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి, రిటైరై ఇక్కడే స్థిరపడ్డవాడు. ఏటి ఒడ్డు ఎప్పటికైనా బంగారమవుతుందని కొన్నాడు. కబ్జా కాకుండా ఉంటుందని ఒక గది వేయించాడు. కాపలాకు పెట్టిన మనుషులెవరూ ఆ గాలికి నిలవలేదు.

"ఇక్కడెలా ఉంటారమ్మా? చలికాలం దోమలు కూడా ఎక్కువ" అన్నాడాయన.

"ఏం జేస్తం సారూ, గరీబోళ్ళం. ఎట్లనో గట్ల ఎల్లదీస్తం. కిరాయి జర సూసి చెప్పుండ్రి."

పక్కనున్న శంకరయ్య ఆమె భర్త. అబద్ధం వింటే ఊరుకోలేని మనిషి. "గరీబోళ్ళమేం గాదు సారూ, మాకు దిల్‌సుఖ్‌నగర్‌ల..." అని మొదలుపెట్టాడు. లలితమ్మ అతని కాలు తొక్కింది. కిరాయి ఆమె అనుకున్న చోటికే దిగింది.

శంకరయ్యది పోచంపల్లి దగ్గరి ఊరు. మగ్గం ఇంట్లో పుట్టాడు. పెళ్ళయ్యాక లలితమ్మ మాట మీద మగ్గం దిగి పట్నం వచ్చాడు. దుకాణం బోర్డు మీద పేరు ఆయనది, గద్దె ఆమెది. ఊళ్ళో నేసిన ఇక్కత్ చీరలు తెచ్చి అమ్మారు. చాలాకాలం బాగానే నడిచింది. తర్వాత అవే డిజైన్లు అచ్చు కొట్టిన చీరలు చుట్టుపక్కల దుకాణాల్లో గుట్టలు పడ్డాయి. ఆడవాళ్ళు లలితమ్మ దగ్గర చీర విప్పించుకుని, అంచు తడిమి, బాగుందని మెచ్చుకుని, పక్క దుకాణంలో అచ్చు చీర కొనుక్కుని పోయేవాళ్ళు. మెచ్చుకోలు నిండుగా, గల్లా ఖాళీగా ఉండేది.

చివరికి కొడుకు అరుణ్‌కుమార్ ఒక మాట తెచ్చాడు. "అమ్మా, మహిపాలన్న తెల్సుగద, మొబైల్ కవర్లు అమ్మెటోడు. మన షట్టరు అడుగుతున్నడు. ఇచ్చేద్దాం. ఇంట్ల కూసుంటె కిరాయి ఒస్తది. నువ్వు పరేషాన్ గాకుండ ఉంటవ్."

లలితమ్మ ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయింది. అది ఆమె నేర్పిన లెక్కే. 

ఆ రాత్రి అన్నం దగ్గర, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని శంకరయ్య నోరు విప్పాడు. "మా బాపు నూనె రుమాల్లు జేస్తుండె, తలకు సుట్టుకునేటివి. తేలియా రుమాల్. గా ఎరుపు ఎవ్వడు అచ్చు కొట్టలేడు."

"నీకొస్తదా?"

"చేతులు మర్శిపోతయా?"

లలితమ్మ లెక్క వేసుకుంది. బజారులో ఎవరి దగ్గరా లేని సరుకు ఒకటి తన గద్దె మీద ఉంటే దుకాణం నిలుస్తుంది. లేకపోతే మహిపాల్ కవర్లు వేలాడతాయి. కొడుకుతో గడువు మాట్లాడుకుంది. శివరాత్రి దాకా. ఆ రోజుకు గిరాకీ ఉన్న సరుకు చూపించలేకపోతే తాళంచెవి తానే తీసి ఇస్తుంది.

నూనె రుమాలుకు నూలును ముందుగా సిద్ధం చేయాలి. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్ళలో వేసి, తేర్చిన ఆ నీళ్ళలో నూనె కలిపి, నూలును రోజూ అందులో పిసికి, ఎండలో ఆరేసి, మళ్ళీ పిసకాలి. నూలు తాగాల్సినంత నూనె తాగాక అద్దకం. మొదట ఎల్‌బీ నగర్‌లో తాము ఉండే అపార్ట్‌మెంట్ బాల్కనీలోనే మొదలుపెట్టారు. కొద్ది రోజులకే లిఫ్టులో ఎలుక చచ్చిందని వెతికారు. తర్వాత నీళ్ళ ట్యాంకులో చూశారు. చివరికి అందరి ముక్కులూ లలితమ్మ తలుపు ముందుకొచ్చి నిలబడ్డాయి.

అప్పుడే ఆమెకు మూసీ గుర్తొచ్చింది. పెద్ద కంపులో చిన్న కంపు కలిసిపోతుంది, ఎవరు కనిపెడతారు? అట్లా కార్తీకమాసం చలిలో, ఒక గ్యాస్ పొయ్యి, రెండు మంచాలు, నూనె డబ్బాలు, చుట్టలుగా కట్టిన నూలు చిలపలు ఆటో ట్రాలీలో ఎక్కించుకుని మొగుడూ పెళ్ళాలు రేకుల గదికి చేరారు. దుకాణం అరుణ్‌కుమార్ చూసుకున్నాడు. చూసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు కూడా.

లలితమ్మ ఆ గదిని భరిద్దామనుకునే వచ్చింది. ఇష్టపడదామని రాలేదు.

తెల్లవారేసరికి ఏటి మీద పొగమంచు గోడలా నిలబడేది. గుర్రపుడెక్క ఆకుల మీద కొంగలు నిద్ర మొహాలతో నిలబడేవి. దూరంగా స్తంభాల మీద మొదటి మెట్రో రైలు వెళ్ళేటప్పుడు మంచులో కిటికీల వెలుగు మాత్రమే వరసగా జారిపోయేది. రైలు కనిపించేది కాదు. శంకరయ్య గొంగడి కప్పుకుని బయట మంట వేసేవాడు. ఆమె చాయ్ పెట్టేది. ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఎవరినీ పిలవకుండా, ఎవరి కోసమూ చీర విప్పకుండా కూర్చోవడం ఆమెకు కొత్త. మొదట్లో చేతులు ఊరికే ఉన్నాయని దిగులేసింది. తర్వాత తర్వాత చాయ్ ఇంకొంచెం ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది.

ఏటి ఒడ్డు గడ్డి కోసి బర్రెలవాళ్ళకు అమ్మే కౌసల్యమ్మ ఆ ఒడ్డుకు మొదటి చుట్టం. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి ఇక్కడే గుడిసె వేసుకుంది.

"అక్కా, నూలుకు తలంటు పోస్తున్నవా ఏంది గట్ల పిసుకుతున్నవ్?" అంది మొదటి రోజే.

"పోస్తున్న. పెండ్లి ఉన్నది దానికి."

"మరి పెండ్లికొడుకేడి?"

"గదే దేవులాడుతున్న."

కౌసల్యమ్మ పకపకా నవ్వింది. బూడిదకు ఆముదపు కాయలు కొనుక్కొస్తున్నారని తెలిసి తల కొట్టుకుంది. "కొంటున్నరా? గీ నాలా పొంటి మొత్తం ఆముదం చెట్లే గదక్కా!" మర్నాటి నుంచి గడ్డి మోపుతో పాటు ఎండు కాయల మూట కూడా దించిపోయేది. బదులుగా లలితమ్మ చాయ్, పాత చీరలు ఇచ్చింది. ఏ వైపూ చేతిలో డబ్బు పెట్టని ఆ బేరం ఇద్దరికీ లాభంగానే తోచింది.

పొద్దుటి చలిలో నూనె గిన్నెలో చేతులు పెడితే మొదట వేళ్ళు కొంకర్లు పోయేవి. పిసికే కొద్దీ వెచ్చబడేవి. ఊరంతా మడమలు పగిలి మందులు రాసుకుంటున్న ఆ కాలంలో లలితమ్మ మడమలు పగల్లేదు. ఆ లాభాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలో ఆమెకు తెలియలేదు. నూలును పిసుకుతూ శంకరయ్య తనలో తాను ఏదో కూనిరాగం తీసేవాడు. దుకాణంలో ఇన్నేళ్ళూ ఆయన గొంతు ఆమె విన్నది "గా రంగు లేదమ్మా" అన్న మాటలోనే.

నూనె పట్టడం పూర్తయ్యే వేళకు మగ్గం సంగతి వచ్చింది. శంకరయ్య పట్టుబట్టి గది లోపల గుంట మగ్గానికి నేల తవ్వాడు. తండ్రి కూర్చున్నట్టే గుంటలో కాళ్ళు పెట్టుకుని నేయాలని ఆయన ముచ్చట. మర్నాడు లేచి చూస్తే గుంట నిండా నల్లటి నీళ్ళు.

లలితమ్మ తొంగి చూసి, "నీ పక్కకు మూసీ గూడ కూసుంటనంటుంది. జరుగు జర" అంది.

గుంట పూడ్చేసి, ఊళ్ళో దాయాదుల ఇంట్లో మూలనపడ్డ ఫ్రేము మగ్గాన్ని తేవడానికి శంకరయ్య బస్సెక్కాడు. లలితమ్మ ఒక్కతే గదిలో ఉండిపోయింది. చేయకూడని పని ఆమె అప్పుడే చేసింది.

ఆరిన చిలప ఒకటి చేతిలోకి తీసుకుని, దుకాణంలో కొత్త సరుకు వస్తే చూసినట్టే వేళ్ళతో నలిపింది. మెత్తగా, వెన్నలా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే దూరం పెట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చే ఆడవాళ్ళు ఆమె కళ్ళ ముందు నిలబడ్డారు. చీర విప్పగానే ముందు వాసన చూసే ఆడవాళ్ళు. పెట్టెలో చెమ్మ వాసన ఉంటేనే పక్కకు నెట్టేస్తారు, ఈ కంపును ఎవరు కొంటారు? ఆమె దుకాణంలో పొద్దున్నే అగరొత్తి వెలిగించి గద్దె చుట్టూ తిప్పనిదే షట్టరు పూర్తిగా లేపేది కాదు. సరుకంటే సువాసన రావాలి. ఇంత చదువు మొగుడికి లేదు, తనకుంది.

టబ్బులో వేణ్ణీళ్ళు పోసి, సబ్బుపొడి కలిపి, చిలపలు ముంచి ఉతికింది. చివరి నీళ్ళలో మల్లెపూల వాసన వచ్చే మందు పోసింది. సగం నూలు అయ్యేసరికి సబ్బుపొడి డబ్బా అడుగంటింది. కొట్టుకు వెళ్ళి తెద్దామంటే ఎండ జారిపోతోంది. మిగతా సగం రేపు చూద్దామనుకుంది. ఆ సగం అట్లా బతికింది.

చీకటి పడే వేళ శంకరయ్య ట్రాలీలో మగ్గం వేసుకుని దిగాడు. దిగుతూనే ముక్కు ఎగబీల్చాడు.

"మల్లెపూల వాసన ఒస్తుందేంది?"

"నేనే. నూలు కడిగిన." గర్వంగానే చెప్పింది. "ఇప్పుడు చూడు, ఎవరైనా కొంటరు."

శంకరయ్య మగ్గం దూలం మీద కూర్చుండిపోయాడు.

"ఏమైంది?"

"ఏం గాలే. మనం తాపిచ్చింది నువ్వు కక్కిచ్చినవ్."

అంతకంటే ఒక్క మాట అనలేదు. లలితమ్మ తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే తనూ రెండు మాటలు అని ఆ లెక్క అక్కడికి మూసేసేది. ఆయన మగ్గం కట్టెలను ఒక్కొక్కటే లోపలికి చేరవేసి, గొంగడి కప్పుకుని పడుకున్నాడు.

అయినా నూనె పోతే నూలు పాడైనట్టేనని ఆమెకు పూర్తిగా నమ్మకం చిక్కలేదు. కంటితో చూస్తేనే ఆమెకు లెక్క. డిజైను ప్రకారం, రంగు అంటకూడని చోట నూలుకు కట్లు కట్టి, రెండు రకాల నూలునూ ఎర్ర రంగులో ఉడికించారు. తీసి ఏటి వైపు కట్టిన దండెం మీద వేశారు. సబ్బు తగిలిన నూలు వెలిసిన గులాబీ రంగులో బిక్కమొహం వేసింది. తడి వేలుతో రాస్తే వేలికి అంటింది. నూనె నూలు మాత్రం పారాణి ఆరాక పాదం మీద నిలిచే ఎరుపులో మెరిసింది. ఎంత రాసినా వేలికి రాలేదు.

మళ్ళీ నూనె పట్టడానికి శివరాత్రి ముందు వ్యవధి లేదు. చలికాలపు ఎండ ఎంత బతిమాలినా తొందరపడదు. ఉన్న నూలుకు మగ్గం మీద ఒక్కసారి ఎక్కించే పడుగు వస్తుంది, దుకాణం అలమారలో ఒక్క అర కూడా నిండని రుమాళ్ళు వస్తాయి. చేతిలో ఉన్న సరుకులో సగం తన చేత్తోనే కాల్వలో పోసింది. దుకాణం పోతే అది మహిపాల్ తీసుకున్నట్టు కాదు, తను పారేసినట్టు.

"మరి ఈ పాడైన నూలు ఏం జెయ్యాలె?" అని అడిగింది శంకరయ్యను.

"ఏమన్న జెయ్యి. కౌసల్యమ్మకియ్యి, గడ్డి మోపులు కట్టుకుంటది."

లలితమ్మ ఆలోచించింది. "ఒద్దు. దీంతోని గూడ ఒక రుమాలు నెయ్యి."

"ఎందుకు?"

"నష్టం ఒచ్చిన సరుకును దాచిపెడితె ఇంకా నష్టం. బయట పెడితె ఏదన్న ఒక పని జేస్తది."

పుష్యమాసమంతా రేకుల గదిలో మగ్గం చప్పుడే. దబ్, దబ్ అని పోగులను బిగించే పలక కొట్టే చప్పుడుకు మొదట కొంగలు లేచిపోయేవి, తర్వాత లేవడం మానేశాయి. మొదటి రుమాలు, ఆ వెలిసినదీ మగ్గం దిగి మడత మీద ఉన్న రోజుల్లో గంగాధరరావు వచ్చాడు. మఫ్లర్ చెవులకు చుట్టుకుని, మొహం ముడుచుకుని, గది బయటే నిలబడ్డాడు.

"లలితమ్మగారూ, చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది. గది ఖాళీ చేయాలండి. వెనకాల కొత్త అపార్ట్‌మెంటు వాళ్ళు నా మీద పడ్డారు, కంపు వస్తోందని."

"కంపా? మూసీ ఒడ్డున ఇల్లు కొనుక్కున్నోళ్ళకు కంపా సారూ?"

"నేనూ అదే అన్నాను. మూసీ కంపు మాకలవాటైపోయిందండీ, ఈ కొత్త కంపు మాత్రం తట్టుకోలేకపోతున్నాం అన్నారు."

లలితమ్మ ఒకసారి ఏటి వైపు, ఒకసారి నూనె గిన్నె వైపు చూసింది. పెద్ద కంపులో చిన్న కంపు కలిసిపోతుందని వేసిన లెక్క బోర్లా పడింది. ముక్కు పాతదాన్ని మర్చిపోతుంది, కొత్తదాన్ని పట్టేస్తుంది. బజారులో కొత్త సరుకుకు కళ్ళు పడ్డట్టే. ఇంత వ్యాపారం చేసీ ఆ మాట తట్టలేదు.

"శివరాత్రి దాకా ఆగుండ్రి సారూ. మా దుకాణం..." అని శంకరయ్య అంటుండగానే గంగాధరరావు చేయెత్తి ఆపాడు. గాలి ఆయన వైపు తిరిగింది. ఆయన మఫ్లర్ కిందికి లాక్కున్నాడు. మళ్ళీ పీల్చాడు.

"ఇదేం వాసన?"

"గదే సారూ, నూలుకు పట్టిచ్చిన నూనె."

ఆయన గుమ్మం దాటి లోపలికొచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే మంచం మీద కూర్చున్నాడు. "మాది చీరాల దగ్గర, సముద్రపు ఒడ్డు. మా నాన్నకు పడవలుండేవి. ఆయన తలగుడ్డ ఈ వాసన వచ్చేది. వేటకెళ్ళి వచ్చాక ఆ గుడ్డ నా మీద కప్పేవాడు. నేను వదిలేవాణ్ణి కాదు, అది పట్టుకునే నిద్రపోయేవాణ్ణి." మఫ్లర్ మెడ మీంచి తీసేశాడు. "అమ్మ ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదండి."

లలితమ్మకు కన్నీళ్ళు రావాల్సిన చోట లెక్క వచ్చింది. ఆమె తత్వమే అంత. లేచి మడత పెట్టిన రుమాలు ఒకటి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. కావాలనే నూనె వాసన లేని గులాబీ రంగుది పెట్టింది.

ఆయన ముక్కు దగ్గరికి తీసుకుని వెంటనే పక్కకు పెట్టేశాడు. "ఇది కాదండి."

ఎర్ర రుమాలు ఇచ్చింది. గంగాధరరావు దాన్ని విప్పలేదు, డిజైను చూడలేదు. మొహం అందులో పెట్టుకుని చాలాసేపు అట్లాగే ఉండిపోయాడు. శంకరయ్య తల తిప్పుకుని ఏటి వైపు చూశాడు. లలితమ్మ మాత్రం ఆయన్నే చూసింది. తను కంపు అనుకుని కడిగి పారబోసినదే సరుకని, రంగూ డిజైనూ దాని మీద కట్టిన కట్టు మాత్రమేనని ఆమెకు అప్పుడు తెలిసింది.

గంగాధరరావు తల ఎత్తి, "అపార్ట్‌మెంటు వాళ్ళకు నేను చెప్పుకుంటాను. ముందు మూసీని కడిగించుకోమంటాను, ఆ తర్వాత ఈ గది సంగతి చూద్దామంటాను" అన్నాడు. రుమాలు వదల్లేదు. "ఇది నాకివ్వండి. మా వైపు వాళ్ళం వనస్థలిపురంలో కలుస్తుంటాం. ఒక్కసారి వాళ్ళకు చూపించాలి."

"చూపిచ్చుండ్రి సారూ. గని ఇప్పుడియ్యను" అంది లలితమ్మ. "కావాల్నన్నోళ్ళను శివరాత్రి పొద్దున దిల్‌సుఖ్‌నగర్ దుకాణానికి రమ్మనుండ్రి. అక్కడనే బోణీ."

శివరాత్రి పొద్దున లలితమ్మ షట్టరు లేపేసరికి అరుణ్‌కుమార్, మహిపాల్ మెట్ల మీద ఉన్నారు. మహిపాల్ చేతిలో కొలతల టేపు.

"నమస్తే అక్కా. ఊకనే జర కొలుచుకుంట. మీరు నారాజ్ గావొద్దు."

"కొలుచుకో తమ్మీ. కొలిస్తె అరుగుతదా?"

ఆమె దేవుడి పటం దగ్గర అగరొత్తి వెలిగించింది. గద్దె చుట్టూ తిప్పలేదు. అక్కడే గుచ్చి వచ్చేసింది. అరుణ్‌కుమార్ అది గమనించాడు. ఆమె గద్దె మీద రుమాళ్ళు పరిచింది. ఎర్రవి ఒక పక్క, వెలిసినది ఒక పక్క, మధ్యలో గిన్నెలో నీళ్ళు.

"గింతేనా అమ్మా?" అన్నాడు అరుణ్‌కుమార్ నెమ్మదిగా. ఎగతాళి కాదు, జాలి. అది ఇంకా కష్టంగా తాకింది.

"గింతే. అటు టేపు పట్టుకో, పాపం ఒక్కడే కొలుస్తుండు."

చాలాసేపు ఎవరూ రాలేదు. మహిపాల్ గోడలు కొలిచాడు, అలమారలు కొలిచాడు, కవర్ల గుత్తులు ఎక్కడ వేలాడదీయాలో వేలు పెట్టి చూపించాడు. శంకరయ్య మూల స్టూలు మీద చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. మహిపాల్ గద్దె మీదికి వంగి టేపు పరుస్తున్నప్పుడు లలితమ్మ రుమాళ్ళను తన వైపు లాక్కుంది.

అప్పుడు వీధిలోంచి గంగాధరరావు గొంతు వినిపించింది. "ఇదేనండి, ఇదే. నిదానంగా, మెట్లున్నాయి." ఆయన వెనక కర్రలు పట్టుకున్న పెద్దవాళ్ళు, వాళ్ళను పట్టుకున్న కొడుకులు, కోడళ్ళు, ఇంకా ఆ వెనక ఎందుకొచ్చారో తెలియని పిల్లలు. చిన్న దుకాణం నిండిపోయింది. ఒక ముసలాయన గడప దాటకుండానే ఆగి, "వస్తోందిరా" అన్నాడు పక్కనున్న కొడుకుతో. "నీకు రావట్లేదూ?"

రుమాళ్ళు చేతులు మారాయి. ఒకావిడ కళ్ళు ఒత్తుకుంది. ఇంకొకాయన తలకు చుట్టుకుని మనవరాలిచేత ఫోటో తీయించుకున్నాడు. సందడి చూసి వీధిన పోయే ఆడవాళ్ళు తొంగి చూశారు. అందులో ఒకామె లోపలికొచ్చి ఎప్పటిమాటే అంది: "గిది అచ్చుదే గద? బయట మస్తు తక్కువకొస్తయి."

ఎన్నో ఏళ్ళుగా ఆ మాటకు లలితమ్మ దగ్గర జవాబు లేదు. ఇవాళ ఉంది. వెలిసిన రుమాలు కొస గిన్నెలో ముంచింది. నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయి. నీళ్ళు మార్చి ఎర్ర రుమాలు కొస ముంచి పిండింది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"రెండు ఒక్కటే నూలు, ఒక్కటే రంగు, ఒక్కటే చెయ్యమ్మా" అంది, అందరికీ వినిపించేలా. "గీ పాలిపోయినదాన్ని నేనే పాడుజేసిన. కంపు కొడుతుందని సబ్బు పెట్టి ఉతికిన. వాసనతో పాటు రంగు గూడ పాయె. గందుకే చెప్తున్న, వాసన రాకుంటె కొనకుండ్రి. నా దగ్గరైనా సరే కొనకుండ్రి."

ఆ అడిగినామె రుమాలు తీసుకుని వాసన చూసింది. మొహం చిట్లించింది. మళ్ళీ చూసింది. "ఎండకాలం తలకు సల్లగుంటదా?"

"మూసీ ఒడ్డున చలికి నాకు ఎచ్చగున్నది. ఎండకు ఎట్లుంటదో నువ్వే చెప్పాలె."

జనం నవ్వారు. ఉన్న రుమాళ్ళు చూస్తుండగానే అయిపోయాయి. దొరకనివాళ్ళు పేర్లు రాసుకోమన్నారు, బయానా కూడా ఇస్తామన్నారు. అరుణ్‌కుమార్ టేపు కొస ఎప్పుడు వదిలేశాడో ఎవరూ చూడలేదు. ముసలివాళ్ళకు స్టూళ్ళు వేశాడు, తండ్రిని మూలలోంచి లేపి ముందుకు తెచ్చి కూర్చోబెట్టాడు, చీరల డబ్బా మూత చింపి దాని వెనక పేర్లు రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ తల ఎత్తి, "అమ్మా, గీ రంగుల దుపట్టాలు గూడ జెయ్యొచ్చా? అడుగుతున్నరు" అన్నాడు. ఆ గొంతులో జాలి లేదు. గిరాకీ ఉంది.

"మీ బాపును అడుగు. చేతులు ఆయనవి."

"చెయ్యొచ్చు" అన్నాడు శంకరయ్య. దుకాణంలో ఆయన నోటి వెంట "లేదమ్మా" కాకుండా ఇంకో మాట రావడం అదే మొదలు.

మహిపాల్ టేపును గుండ్రంగా చుట్టి జేబులో వేసుకున్నాడు. "మరి నాకు జాగ యాడున్నదక్కా?"

"మెట్ల పక్కన బల్ల ఏసుకో తమ్మీ. గీ మంది అంత నీ ముంగట్నుంచే పోవాలె. కిరాయి మటుకు మంచిగియ్యాలె."

మహిపాల్ ఆమెను, జనాన్ని, మెట్లను చూసి చేతులు జోడించాడు. "నీ తోని బేరం ఒద్దక్కా, ఎంతంటె గంత. నాకు గూడ ఒక పేరు రాయుమను. మా నాయనకు."

గంగాధరరావు వెళ్ళేముందు గద్దె దగ్గర ఆగాడు. "గది ఇంకా ఉంచుకుంటారు కదా?"

"ఉంచుకుంటం సారూ. పక్కన ఇంకోటి గూడ ఏపియ్యుండ్రి, ఇంకో మగ్గం పెడతం. గని కిరాయి జర తగ్గియ్యాలె."

"దేనికమ్మా? ఇప్పుడు గరీబోళ్ళు కూడా కాదుగా?"

"మీరొచ్చి కూసోని ఊకనే వాసన చూసిపోతున్నరు గద. దాని కింద."

మర్నాడు పొద్దున ఏటి మీద మంచు పలచబడింది. చలి వెళ్ళే వేళ అయింది. కౌసల్యమ్మ ఒడ్డు పొడవునా గునపంతో గుంటలు తీస్తూ ఆముదం గింజలు వేస్తోంది. వచ్చే చలికాలానికి కాయలు కావాలని లలితమ్మ ముందే మాట్లాడుకుంది. గది ముందు కొత్త నూలు చిలపలు నూనె గిన్నెలో నానుతున్నాయి. మొగుడూ పెళ్ళాలు చెరో పక్క కూర్చుని పిసుకుతున్నారు.

"ఒక్కటి అడుగుతా చెప్పు" అంది లలితమ్మ. "ఆనాడు సబ్బు పెట్టినప్పుడు ఎందుకు తిట్టలే? తిడితె లెక్క తెగిపోయేది."

శంకరయ్య చిలపను పిండి, దులిపి, దండెం మీద వేశాడు. 

"పెండ్లయినప్పట్నుంచి ప్రతి లెక్కల నువ్వే గెలుస్తున్నవ్. నా చేతిల నీ తప్పు గిదొక్కటే పడ్డది. తిట్టి పోగొట్టుకుంటనా?"

"అమ్మో! ఎవరన్నరు నీకు యాపారం రాదని?"

స్తంభాల మీద రైలు వెళ్ళింది. ఈసారి కిటికీలే కాదు, మొత్తం రైలు కనిపించింది. లలితమ్మ నూనె చేతులను మడమలకు రాసుకుని, ఇంకో చిలప అందుకుని, ముందు వాసన చూసింది.

"ఇంకా పట్టాలె" అంది.